వెన్నుపాముకు దెబ్బ తగిలితే: చెట్టు కింద నుంచి ఇంటి గుమ్మం దాకా ఏం చేయాలి

చింతకాయ దులిపే రోజులవి. మా తమ్ముడు గడ పట్టుకుని కొమ్మ మీద నిలబడ్డాడు. కొమ్మ విరిగింది. మాది ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి పక్క పల్లె. కేక వినగానే ఐదుగురం పరిగెత్తాం. ఒకరు లేపి కూర్చోబెట్టారు, ఒకరు నీళ్ళు తాగించారు, నేనైతే చంకల కింద చేతులు వేసి లాగాను. ఆటో వెనక సీట్లో మడిచి కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. దారిలో వాడు అడిగిన మాట ఒక్కటే: "అన్నా, నా కాళ్ళు ఎక్కడున్నాయి?"

మేము లాగడం వల్లే అలా అయిందా, పడ్డప్పుడే అయిపోయిందా అని తర్వాత డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. మాలాగా మీరు ఆ ప్రశ్న మోయకూడదని.

1. పడ్డ చోటే, మొదటి పది నిమిషాలు

మనిషి తన ఎత్తు కంటే పైనుంచి పడ్డా, బండి మీద నుంచి ఎగిరి పడ్డా, ఎండాకాలంలో మహేంద్రతనయ నదిలో లోతు చూడకుండా తలకిందులుగా దూకినా, వీపు మీద బస్తా పడ్డా వెన్నుకు దెబ్బ తగిలిందనే అనుకోండి. తగల్లేదని డాక్టరు చెప్పాలి, మనం కాదు. మెడలోనో నడుంలోనో నొప్పి, కాళ్ళు చేతులు కదలకపోవడం, తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం, తెలియకుండానే మూత్రం పోవడం ఉంటే ఇక అనుమానమే లేదు. తాగి పడ్డవాడు "నాకేం కాలేదు" అంటే నమ్మకండి.

ముందు శ్వాస చూడండి. ఊపిరి అందకపోతే వెన్ను సంగతి తర్వాత, ఊపిరి ముందు. శ్వాస ఆడుతుంటే ఎలా పడ్డాడో అలాగే ఉంచండి. ఒకరు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో తలని అటూ ఇటూ తిరగకుండా పట్టుకోవాలి. పట్టుకోవడమే, సరిచేయడం కాదు. తల వంకరగా ఉంటే బలవంతంగా తిప్పొద్దు. లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్ళు తాగించొద్దు. హెల్మెట్ ఉంటే, ఊపిరి ఆడుతున్నంతసేపు దాని జోలికి వెళ్ళొద్దు. వాంతి వస్తుంటే మాత్రం తల, మెడ, నడుం ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి, దుంగను దొర్లించినట్టు ఒకేసారి పక్కకు తిప్పండి. "ఒకటి, రెండు, మూడు" అని లెక్క పెట్టే పని తల పట్టుకున్నవాడిదే.

108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. సరిహద్దులో ఉన్నవాళ్ళు ఏ రాష్ట్రం వైపు ఉన్నారో, ఏ ఊరు దగ్గరో ముందే చెప్పండి. 112 కూడా పనిచేస్తుంది. రోడ్డు ప్రమాదమైతే సాయం చేసినవాళ్ళని కేసుల పేరుతో తిప్పకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. భయపడి పక్కకి తప్పుకోకండి.

ఇక మా ఏజెన్సీ ఊళ్ళ సంగతి. అంబులెన్సు రాని చోట్ల మనిషిని డోలీ కట్టి మోస్తారు. కర్రకి కట్టిన దుప్పటిలో వెన్ను విల్లులా వంగుతుంది. వెన్ను దెబ్బకి ఇది పనికిరాదు. నులక మంచం కూడా మధ్యలో కుంగుతుంది. తలుపు చెక్క తీసి మంచం మీద పరవండి, లేకపోతే నిచ్చెన మీద దుప్పట్లు మడిచి వేయండి. తలకి రెండువైపులా చీర చుట్టలు పెట్టి, నుదురు మీదుగా, ఛాతీ మీదుగా, తొడల మీదుగా చెక్కకి కట్టండి. నిప్పు, నీరు, రోడ్డు మీద వచ్చే లారీ లాంటి అపాయం ఉంటే తప్ప, చెక్క సిద్ధమయ్యేదాకా కదపకండి. పది నిమిషాలు ఆలస్యమైనా పర్వాలేదు.

2. ఏ ఆసుపత్రికి, అక్కడ ఏం అడగాలి

దగ్గర ఆసుపత్రిలో ఊపిరి, రక్తపోటు నిలబెట్టాక న్యూరో సర్జనో వెన్నెముక సర్జనో ఉన్న చోటికి పంపించమని అడగండి. మాకు ఇటు బరంపురం మెడికల్ కాలేజీ, అటు శ్రీకాకుళం మీదుగా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). కొరాపుట్ వైపు వాళ్ళకి కొరాపుట్ మెడికల్ కాలేజీ దగ్గర. బయల్దేరే ముందు అక్కడ సర్జన్ ఉన్నారా, ఎమ్మారై పనిచేస్తోందా అని డాక్టరు చేతే ఫోన్ చేయించండి. మేము చేయించలేదు. ఒక చోటికి వెళ్ళి, మిషను చెడిపోయిందని మళ్ళీ బయల్దేరాం. అలా ఒక రాత్రి పోయింది.

ఒక్క విషయం అర్థమైతే డాక్టరు మాటలు సగం అర్థమైనట్టే. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక అంటే 33 పూసల ఎముకల గొట్టం. మెడలో 7, వీపులో 12, నడుంలో 5, కింద అతుక్కుపోయినవి మిగతావి. ఆ గొట్టంలో మెదడు నుంచి దిగే మెత్తటి తాడు వెన్నుపాము. పెద్దవాళ్ళలో దాదాపు 45 సెంటీమీటర్లు ఉంటుంది, నడుం మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందకి నరాలు గుర్రం తోకలా వేలాడతాయి. ఎముక అతుకుతుంది. తాడులో తెగిన పోగులు మాత్రం ఎముకలా అతుక్కోవు. "ఆపరేషన్ బాగా జరిగింది" అన్న మాట విని మేము స్వీట్లు పంచాం. ఎముక కదలకుండా రాడ్లు, స్క్రూలు వేసి, తాడు మీద ఒత్తిడి తీశారని దాని అర్థం. నడుస్తాడని కాదు.

కాగితంలో పూస పేరు ఉంటుంది. సి అంటే మెడ, డి లేదా టి అంటే వీపు, ఎల్ అంటే నడుం. సి3, సి4, సి5 నుంచి ఊపిరి ఆడించే డయాఫ్రంకి నరం వెళ్తుంది. అందుకే మెడ పైభాగంలో దెబ్బ తగిలితే వెంటిలేటరు అవసరం పడొచ్చు. సి5 మిగిలితే మోచెయ్యి మడుస్తారు, సి6 మిగిలితే మణికట్టు ఎత్తుతారు, సి7 మిగిలితే మోచెయ్యి చాపగలరు. ఆ చాపడం ఉంటే మంచం నుంచి చక్రాల కుర్చీకి సొంతంగా మారే అవకాశం బాగా పెరుగుతుంది. వీపు పూసల్లో అయితే చేతులు బాగుంటాయి, కాళ్ళు, మూత్రం, మలం పట్టు తప్పుతాయి.

పూసతో పాటు ఇంకో అక్షరం ఉంటుంది, ఏ నుంచి ఈ దాకా. ఏ అంటే దెబ్బకి కింద, మలద్వారం దగ్గర కూడా, స్పర్శా లేదు కదలికా లేదు. బి అంటే స్పర్శ ఉంది, కదలిక లేదు. సి అంటే కదలిక ఉంది కానీ బలం చాలదు. డి అంటే సగం కండరాలైనా బరువుకి ఎదురు నిలుస్తాయి. ఈ అంటే మామూలు. గ్రేడు డి వేరు, పూస డి వేరు. మా నాన్న రెండూ కలిపేసి, తమ్ముడి కాగితంలో డి10 చూసి "డి గ్రేడు వచ్చింది, నడుస్తాడు" అని ఊరంతా చెప్పాడు. వాడిది డి10, ఏ.

మొదటి రోజుల్లో తాడు మొత్తం మొద్దుబారి ఉంటుంది, దాన్ని స్పైనల్ షాక్ అంటారు. కొన్ని రోజుల నుంచి వారాలు ఉండొచ్చు. కాబట్టి తొలిరోజు మాటే చివరి మాట అనుకోకండి. 72 గంటల తర్వాత చేసే పరీక్ష కాస్త నమ్మదగ్గది. తిరిగి రావాల్సిన బలంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఆ తర్వాత కొద్ది కొద్దిగా ఏడాది దాటాక కూడా.

డాక్టరును ఇవి అడగండి: ఏ పూస? ఏ అక్షరం? తాడు మీద ఒత్తిడి ఉందా, ఉంటే ఎప్పుడు తీస్తారు? వీలైతే 24 గంటల్లో తీయడం మంచిదని ఇప్పుడు అంటున్నారు. ఒకప్పుడు అందరికీ ఇచ్చిన పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇప్పుడు అందరికీ ఇవ్వడం లేదు, ఇవ్వలేదని గొడవ పడకండి.

భాష గురించి ఒక మాట. బరంపురంలో తెలుగు నడుస్తుంది కానీ, వార్డులో నర్సు ఒడియా అమ్మాయి అయితే "గోడ కదపండి" అన్నట్టు వినిపిస్తుంది. మా మావయ్య గోడ వైపు చూశాడు. ఒడియాలో గోడ అంటే కాలు. హాత అంటే చెయ్యి, పరిస్రా అంటే మూత్రం, ఝాడా అంటే విరేచనం. ఈ నాలుగు మాటలు తెలిస్తే వార్డులో రోజు గడుస్తుంది.

దెబ్బే తగలకుండా కూడా కాళ్ళు పడిపోతాయి. వెన్నెముక టీబీ, గడ్డలు, తాడు వాపు కారణాలు. నెలల తరబడి వెన్నునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆపై కాళ్ళలో నీరసం ఉంటే టీబీ అనుమానించండి. దానికి మందులున్నాయి, త్వరగా మొదలుపెడితే చాలామంది లేస్తారు. నడుంనొప్పితో పాటు మర్మావయవాల చుట్టూ తిమ్మిరి, మూత్రం రాకపోవడం మొదలైతే మర్నాటిదాకా ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.

3. చర్మం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఊళ్ళో అందరూ "ఎముక అతికిందా?" అని అడుగుతారు. మీరు రోజూ అడగాల్సింది "వీపు చూశారా?" అని.

తమ్ముడు ఉన్న ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఎవరూ వాడిని తిప్పలేదు. తిప్పాలని మాకూ తెలీదు. తొమ్మిదో రోజు దుప్పటి తీస్తే నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత నల్లమచ్చ. పైకి రూపాయి బిళ్ళే, లోపల గుప్పెడు. అది మానడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ కూర్చోవడానికి లేదు, వ్యాయామానికి లేదు. చెట్టు మీద నుంచి పడ్డదానికంటే ఆ పుండే వాడిని ఎక్కువ పడేసింది.

కాబట్టి మొదటి రోజు నుంచే, ఆసుపత్రి మంచం మీదే, రెండు గంటలకోసారి తిప్పండి. ఎడమ, వెల్లకిలా, కుడి. వెన్ను ఇంకా కుదురుకోకపోతే నర్సు దగ్గర నేర్చుకుని దుంగలా తిప్పండి. రాత్రి కూడా. ఇంట్లో వంతులు వేసుకోండి. మా ఇంట్లో రాత్రి 10, 12 అమ్మవి, 2, 4 నావి. గోడకి ఒక కాగితం అంటించి టైము రాసి సంతకం పెట్టేవాళ్ళం. సంతకం ఉంటే అబద్ధం ఆడలేం.

ఉదయం, సాయంత్రం ఒంటి మీద చూడాల్సిన చోట్లు: తల వెనక, భుజాల వెనక, మోచేతులు, నడుం కింద ఎముక, తుంటి రెండు వైపులా, కూర్చునే ఎముకలు, మోకాళ్ళ పక్కలు, చీలమండలు, మడమలు. ఎర్రగానో, నల్లటి ఒంటి వాళ్ళకి ఇంకా నల్లగా, వెచ్చగా, గట్టిగానో కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. రంగు మారకపోతే అది పుండు మొదలే. ఆ చోటి మీద బరువు పూర్తిగా తీసేయండి, మామూలు రంగు వచ్చేదాకా. అక్కడ మర్దన చేయకూడదు, నూనె పెట్టి రుద్దకూడదు. గుండ్రటి ట్యూబులాంటి దిండు పెట్టకండి, అది చుట్టూ రక్తం ఆపేస్తుంది. మడమల కింద కాదు, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉంచండి. గాలి పరుపు మంచిదే, కానీ అది ఉందని తిప్పడం మానొద్దు. మా వైపు కరెంటు పోతే అది చాప అయిపోతుంది.

స్పర్శ లేని కాళ్ళకి వేడినీళ్ళ సంచి, పొయ్యి దగ్గర సెగ, ఎండలో కాలిన ఇనుప కుర్చీ అన్నీ ప్రమాదమే. మంచం కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టండి, చీమలు కుట్టినా తెలీదు. పుండు మానాలన్నా, రాకుండా ఉండాలన్నా మాంసకృత్తులు కావాలి: గుడ్లు, చేపలు, ఉలవలు, పెసలు. పథ్యం పేరుతో చారన్నం పెట్టి ఆపకండి.

కుర్చీలోకి వచ్చాక లెక్క మారుతుంది. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకి రెండు చేతుల మీద ఒళ్ళు లేపాలి, లేదా ముందుకో పక్కకో వాలాలి. సీటు మీద మంచి దిండు లేకుండా కుర్చీ వాడనే వద్దు.

4. మూత్రం

వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్ళని ఒకప్పుడు ఎక్కువగా చంపింది మూత్రపిండాల జబ్బే. ఆసుపత్రిలో పెట్టిన పైపును నెలల తరబడి అలాగే వదిలేస్తారు. ఇంటికి వచ్చేముందు అడగండి: "గంటల లెక్కన క్యాథెటర్ (మూత్రం తీసే సన్న పైపు) పెట్టి తీసేయడం నేర్పిస్తారా?" చేతులు బాగున్నవాళ్ళకి సాధారణంగా ఇదే మంచి పద్ధతి. సబ్బుతో చేతులు కడగాలి, ఆ చోటు కడగాలి, జెల్లీ రాసిన సన్న పైపు నెమ్మదిగా పంపి మొత్తం ఖాళీ చేసి తీసేయాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. ఒకసారికి 400, 500 మిల్లీలీటర్లు దాటితే మధ్య వ్యవధి తగ్గించాలి. మా తమ్ముడు మొదట చీటీ మీద కొలత రాసేవాడు, ఇప్పుడు కంటికే తెలుస్తుంది.

పైపు ఎదురు తిరిగితే బలవంతంగా తోయకండి. పైపు ఉంచక తప్పనివాళ్ళకి సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, పైపు మెలిక పడకూడదు. జ్వరం, చలి, దుర్వాసన, మడ్డి మూత్రం, కాళ్ళు ఎక్కువగా బిగుసుకోవడం ఉంటే మూత్రపరీక్షకి వెళ్ళండి. ఏడాదికోసారి మూత్రపిండాల స్కాన్ చేయించండి.

5. విరేచనం

దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే ఇంట్లో అందరూ బాధపడతారు. మందులకంటే టైము ముఖ్యం. రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ, ఒకే వేళకి. ఏదైనా తిన్న 20, 30 నిమిషాల తర్వాత పేగు తనంతట కదులుతుంది, అప్పుడు. వెన్నుపాములో పైభాగం దెబ్బతింటే మలద్వారం బిగుతుగానే ఉంటుంది. గ్లవ్ వేసుకుని జెల్లీ రాసిన వేలితో మెల్లగా గుండ్రంగా తిప్పితే వదులుతుంది, లేదా మలద్వారంలో పెట్టే మాత్ర వాడాలి. అట్టడుగున దెబ్బతింటే వదులుగా ఉంటుంది, వేలితోనే తీయాల్సి రావొచ్చు. మీది ఏ రకమో డాక్టరే చెప్పాలి. చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, చాలినన్ని నీళ్ళు ఉంటే సగం పని సులువు. ఈ పని చేసేవాళ్ళు గోళ్ళు కత్తిరించుకోండి. ఈ పని భార్య చేయాల్సి వస్తే ముందు ఆమెకి ఎవరైనా నేర్పాలి, చీకట్లో వదిలేయకూడదు.

6. ఒక అత్యవసరం

మా తమ్ముడిది డి10 కాబట్టి వాడికి ఇది రాదు. డి6 గానీ, ఆ పైన గానీ దెబ్బ ఉన్నవాళ్ళ ఇంట్లో మాత్రం అందరికీ తెలియాలి. ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడడం, దెబ్బకి పైభాగంలో చెమటలు, రక్తపోటు పెరగడం. ఒంట్లో కింద ఎక్కడో బాధ ఉంది, దాన్ని మెదడుకి చెప్పలేక ఒళ్ళు ఇలా అరుస్తుందన్నమాట. వెంటనే లేపి కూర్చోబెట్టండి, కాళ్ళు కిందకి దించండి, బిగుతు బట్టలు వదులు చేయండి. ఎక్కువసార్లు కారణం మూత్రమే: పైపు మెలిక పడిందా, మూసుకుపోయిందా చూడండి. తర్వాత మలం, తర్వాత పుండు, లోపలికి పెరిగిన గోరు. తగ్గకపోతే 108. ఈ స్థాయి దెబ్బకి కింద చెమట పట్టదు, కాబట్టి మన మే నెలలో తడిబట్ట, ఫ్యాను, నీడ తప్పనిసరి.

ఇంకొకటి: ఒక పిక్క మాత్రమే వాచి వెచ్చగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసకకండి, ఆ రోజే చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఇంకా తొందర.

7. వ్యాయామం, నాటు వైద్యం

కీళ్ళన్నీ రోజుకి రెండుసార్లు పూర్తిగా ఆడించాలి, పాదం కిందకి వాలిపోకుండా చూడాలి. కాలు దానంతటదే ఎగిరితే "వచ్చేస్తోంది" అని సంబరపడతారు. అది మెదడు మాట వినని కండరం బిగుసుకోవడం. మరీ ఎక్కువైతే మందులున్నాయి.

మాకు పసరు మందు కట్టిన ఆయన ఉన్నాడు, నూనె ఇచ్చిన ఆయన ఉన్నాడు. మూలకణాల ఇంజక్షనుతో నడిపిస్తామని ఒక పట్నం క్లినిక్ ఎకరం పొలమంత ధర చెప్పింది. వెన్నుపాము దెబ్బకి అది నిరూపణ అయిన వైద్యం కాదు. పొలం అమ్మకండి. ఆ డబ్బులో చిన్నముక్క మంచి దిండుకీ, సరైన కుర్చీకీ పెట్టండి. కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. అటు వెల్లూరు సీఎంసీలోనూ పునరావాస విభాగం ఉంది. కుర్చీ నడపడం, మంచానికి మారడం, పైపు పెట్టుకోవడం నేర్పేది అలాంటి చోట్లే. తమ్ముడు అలాంటి చోట నేర్చుకున్నది ఇంట్లో రెండేళ్ళయినా నేర్చుకోలేకపోయేవాడు.

మొదటి ఏడాది మనసు బాగా కుంగుతుంది. చచ్చిపోతానన్న మాట వస్తే దాన్ని సానుభూతి కోసమని కొట్టిపారేయకండి, మానసిక వైద్యుడికి చూపించండి. కొత్తగా పెళ్ళయినవాళ్ళు అడగలేని ప్రశ్నకి జవాబు: ఆడవాళ్ళకి కొన్ని నెలలకి నెలసరి మళ్ళీ వస్తుంది, పిల్లలు పుట్టొచ్చు. మగవాళ్ళకి వైద్యుల సాయంతో వీలవుతుంది.

8. కాగితాలు, గుమ్మం

సరిహద్దు ఇల్లు కాబట్టి ఇది ముందే తేల్చుకోండి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్ర కుటుంబాలకే. ఒడిశా కార్డు ఉన్నవాళ్ళకి 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. విశాఖ వెళ్తే, ఆ ఆసుపత్రి మీ కార్డు తీసుకుంటుందో లేదో చేరేముందే కౌంటరులో అడగండి. రోడ్డు ప్రమాదమైతే, 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద నిర్ణీత ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వైద్యం డబ్బు కట్టకుండా జరుగుతుంది.

వికలాంగ గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ, ఆలస్యం చేయకుండా పెట్టండి. పింఛనుకీ కుర్చీకీ అదే మొదలు. ఒడిశాలో మధుబాబు పింఛను ఉంది, భీమభోయి శిబిరాల్లో ధ్రువపత్రాలూ పరికరాలూ ఇస్తారు. బ్లాకు ఆఫీసులో తేదీ కనుక్కోండి.

కుర్చీ కొనేముందు ఇంటి తలుపు కొలవండి. మేము కుర్చీ తెచ్చాక కొలిచాం, గుమ్మం పగలగొట్టాం. ర్యాంపుకి అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి. మా వాకిలి అంత లేదు, రెండు మలుపులు తిప్పాం.

తమ్ముడు ఇప్పుడు చింతపండు కొంటాడు, అమ్ముతాడు. ఆ చెట్టు కిందే కాటా. ఫోన్లో 20 నిమిషాలకోసారి అలారం మోగుతుంది. మోగగానే తూకం ఆపి, రెండు చేతుల మీద ఒళ్ళు లేపి, లోపల అరవై లెక్కపెట్టుకుంటాడు. బేరం ఆడేవాళ్ళు ఆగుతారు. కొత్తవాళ్ళు తొందరపెడితే, పక్కనున్నవాళ్ళే "ఉండండి బాబూ, అరవై అవనీయండి" అంటారు.